గడప బయటి పాట

1932 మార్చిలో కైరోలో ఒక పెద్ద సంగీత సభ జరిగింది. ఈజిప్టు రాజు ఫువాద్ పిలిస్తే మొరాకో, అల్జీరియా, ట్యునీసియా, సిరియా, ఇరాక్, తుర్కీల నుంచి గాయకులూ వాద్యకారులూ తరలివచ్చారు. యూరప్ నుంచి పండితులు వచ్చారు. హంగరీ స్వరకర్త బేలా బార్తోక్, బెర్లిన్ నుంచి పాల్ హిండెమిత్, కుర్ట్ జాక్స్, హార్న్‌బోస్టెల్ లాంటి హేమాహేమీలు. అరబ్బు సంగీతం అంటే ఏమిటి, దానికి ఎన్ని స్వరాలు, దాన్ని పిల్లలకు ఎట్లా నేర్పాలి, అందులో పియానోకు చోటివ్వాలా వద్దా అని రోజుల తరబడి వాదించుకున్నారు. పియానో కావాలన్నవాళ్లు చాలావరకు ఈజిప్షియన్లు. వద్దు, మీ సంగీతం చెడిపోతుంది అన్నవాళ్లు యూరోపియన్లు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ ఇందులో విచిత్రమేమీ లేదు. పాలితులకు పాలకుడిలా కావాలని ఉంటుంది. పాలకుడికేమో పాలితుడు ఎప్పటిలాగే ఉంటే బాగుంటుంది.

ఈ రెండు పక్షాలకూ పట్టని సంగీతం ఒకటుంది. సభ జరుగుతున్న భవనం బయట, కాఫీ హోటళ్లలో గ్రామఫోన్ల మీద మోగుతున్న సంగీతం. ఉమ్మె కుల్సూమ్, మహమ్మద్ అబ్దుల్ వహాబ్ అప్పటికే ఇంటింటి పేర్లు. సభ తరఫున రికార్డు చెయ్యదగిన పాటలను ఎంపిక చేసే సంఘానికి పెద్ద రాబర్ట్ లాఖ్‌మన్ అనే జర్మన్ పండితుడు. ఆయన సంఘం వెతికింది కల్తీ లేని పాత సంగీతం కోసం. పడమటి గాలి సోకిన కొత్త ఈజిప్టు పాట వాళ్లకు పతనానికి గుర్తు. సంస్కర్తలకు రేపటి సంగీతం కావాలి, పండితులకు నిన్నటి సంగీతం కావాలి. ఆ రోజు కైరో జనం వింటున్న పాటకు మాత్రం సభలో కుర్చీ లేదు.

ఆ సభకు ఇరాక్ పంపిన బృందాన్ని కూడా ఒకసారి చూడాలి. గాయకుడు మహమ్మద్ అల్ ఖుబ్బాంజీ ముస్లిం. ఆయన వెనక కూర్చుని వాయించినవాళ్లు దాదాపు అందరూ యూదులు. ఇరాక్ సంగీతమంటే అప్పటికి అదే, అందులో ఎవరికీ వింత లేదు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1950-51లో, ఇరాక్ యూదుల్లో అత్యధికులు దేశం విడిచిపోవలసి వచ్చింది. తర్వాత పుట్టినవాళ్లకు 'అరబ్బు సంగీతం', 'యూదు సంగీతం' అని రెండు వేరువేరు అరలు దొరికాయి. పాత రికార్డు మాత్రం ఏ అరలోనూ ఇమడదు.

నేనిక్కడ చెప్పదలచుకున్నది పాపులర్ సంగీతాన్ని విశ్వవిద్యాలయాలు చదవడం మొదలుపెట్టిన కథ. అందులో మన కథ ఎక్కడుందో వెతికే ప్రయత్నం. తెలుగులో ఈ మాటకు సరైన మాట లేదు. శాస్త్రీయం ఉంది, జానపదం ఉంది, సినిమా పాట ఉంది. రేడియో వాళ్లు కల్పించిన 'లలిత సంగీతం' ఉంది. కానీ క్యాసెట్ మీద ఖవ్వాలీ, పెళ్లి ఊరేగింపులో బ్యాండు, మొహల్లాలో మర్ఫా, బుర్రకథ, ఇవన్నీ ఏ గూట్లో పెట్టాలి? డబ్బు పెట్టి కొనేది, యంత్రం మీద మోగేది, ఊరినుంచి ఊరికి ఎగిరేది, పెద్దమనుషులు చిన్నచూపు చూసేది - అదంతా పాపులర్ సంగీతం అనుకుందాం.

యూరప్‌లో సంగీతాన్ని శాస్త్రంగా చదవాలని గిడో ఆడ్లర్ 1885లో వ్యాసం రాశాడు. 1900లో బెర్లిన్‌కు వచ్చిన సయాం దేశపు కళాకారుల బృందాన్ని కార్ల్ స్టుంప్ మైనపు గొట్టాల మీద రికార్డు చేయడంతో అక్కడ ధ్వని భాండాగారం మొదలైంది. అంటే మొదటినుంచీ రెండు గదులు. బీథోవెన్‌కు ఒక గది, మిగతా ప్రపంచానికి ఒక గది. రెండో గదికి 1950లో యాప్ కుంస్ట్ అనే డచ్చి పండితుడు 'ఎత్నోమ్యూజికాలజీ' అని పేరు పెట్టాడు. మొదటి గదిలో గొప్ప కళ, రెండో గదిలో కల్తీ లేని ప్రాచీనత. లండన్ కార్మికుడు పబ్బులో పాడుకునే పాటకూ, కైరో రిక్షావాడు వినే పాటకూ ఏ గదిలోనూ చోటు లేదు.

చోటు లేకపోవడమే కాదు, శాపం కూడా ఉంది. జర్మన్ తత్వవేత్త అడోర్నో 1941లో పాపులర్ సంగీతం మీద రాసిన వ్యాసం ఈ చదువులో అందరూ మొదట చదివేది. ఈ పాటలన్నీ ఒకే అచ్చులో పోసినవి, కార్ఖానా సరుకు, వినేవాడు తనకు నచ్చి వింటున్నాననుకుంటాడు గానీ నిజానికి కంపెనీ నచ్చజెప్పినదే వింటున్నాడు అని ఆయన వాదన. అడోర్నోను తిట్టడం నాకు ఇష్టం లేదు. హిట్లర్ దెబ్బకు దేశం విడిచిన మనిషి. రేడియో గొట్టం ముందు లక్షలమంది ఒకే గొంతుతో అరవడం చూసినవాడికి జనం కలిసి వినే దేన్నయినా చూస్తే భయం పుడుతుంది. ఆ భయం నిజమేనని మన దేశంలోనూ రుజువైంది, ఆ సంగతికి తర్వాత వస్తాను. కానీ వింటున్నవాణ్ణి ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని 'ఈ పాటలో నీకేం దొరుకుతోంది?' అని ఆయన అడగలేదు.

అడగడం 1970ల్లో మొదలైంది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ సాంస్కృతిక అధ్యయన కేంద్రం (1964లో పుట్టింది) కుర్రకారు వేషభాషలనూ పాటలనూ పట్టించుకుంది. సైమన్ ఫ్రిత్ 1978లో రాక్ సంగీతపు సామాజిక శాస్త్రం రాశాడు, డిక్ హెబ్డిజ్ 1979లో పంక్ కుర్రాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. అదే ఏడు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిలిప్ టాగ్ అనే ఆయన 'కోజాక్' అనే టీవీ సీరియల్ ముందు వచ్చే 50 సెకండ్ల సంగీతం మీద ఏకంగా డాక్టరేటు సిద్ధాంతవ్యాసం రాశాడు. నవ్విన పండితులు నవ్వారు. 1981లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వీళ్లంతా కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జి నుంచి 'పాపులర్ మ్యూజిక్' పత్రిక మొదలైంది. 1988లో బీటిల్స్ ఊరు లివర్‌పూల్‌లో ఈ చదువుకే ఒక సంస్థ వచ్చింది.

అయితే 'ప్రపంచం' అంటే చాలాకాలం వాళ్లకు లండన్, న్యూయార్కులే. 1984లో వాలిస్, మాల్మ్ అనే ఇద్దరు శ్రీలంక, ట్యునీసియా, టాంజానియా, జమైకా వగైరా పన్నెండు చిన్న దేశాల సంగీత వ్యాపారం మీద పుస్తకం రాశారు. పీటర్ మాన్యుయెల్ 1988లో పాశ్చాత్యేతర ప్రపంచపు పాపులర్ సంగీతాలన్నిటినీ ఒక సంపుటంలో పరిచయం చేశాడు. అక్కడినుంచి తలుపులు తెరుచుకున్నాయి. తెరిచిన తలుపుల్లోంచి లోపలికి వచ్చినవాళ్లలో ముస్లింలు చాలామంది ఉన్నారు. తుర్కీ మినీబస్సు డ్రైవర్లు, జావా కూలీలు, ఒరాన్ నగరపు షేఖాలు, నిజాముద్దీన్ దర్గా ఖవ్వాళ్లు. అంతవరకూ విశ్వవిద్యాలయానికి ముస్లిం అంటే ఒక గ్రంథం, ఒక చట్టం, ఒక చరిత్ర. ఇప్పుడు మొదటిసారి ఒక గొంతు అయ్యాడు.

తుర్కీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మార్టిన్ స్టోక్స్ 1992లో ప్రచురించిన 'ది అరబెస్క్ డిబేట్' చదువుతుంటే మన దేశం గురించి చదువుతున్నట్టే అనిపిస్తుంది. జియా గోకల్ప్ అనే సిద్ధాంతకర్త 1923లో ఒక సూత్రం చెప్పాడు: ఉస్మానియా దర్బారు సంగీతం మనది కాదు, బైజాంటియం నుంచి వచ్చిన రోగిష్ఠిది. మనది పల్లె పాట. పల్లె పాటను పాశ్చాత్య పద్ధతిలో కూర్చితే జాతీయ సంగీతం తయారవుతుంది. కొత్త రిపబ్లిక్ దీన్ని అమలు చేసింది. 1926లో ప్రభుత్వ సంగీత పాఠశాలలో పాత సంగీతం బోధన ఆపేశారు. 1934 నవంబరు నుంచి దాదాపు ఇరవై నెలలు రేడియోలో ఆ సంగీతమే వినిపించలేదు. జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పి కైరో స్టేషను పెట్టుకున్నారు! 1938లో అబ్దుల్ వహాబ్ సినిమా ఇస్తాంబుల్‌కు వస్తే జనం విరగబడ్డారు. సర్కారు అరబ్బీ పాటల్ని సినిమాల్లో నిషేధించింది. సరేనని తుర్కీ స్వరకర్తలు అవే సినిమాలకు తుర్కీలో పాటలు కట్టారు. నిషేధం అరబ్బు బాణీని బయటికి తోయలేదు, తుర్కీ భాషలోకి దింపింది.

తర్వాత పల్లెలనుంచి బతకడానికి వచ్చినవాళ్లు పట్నం అంచుల్లో రాత్రికి రాత్రి గుడిసెలు లేపుకున్నారు. వాళ్ల పాట 1960ల చివర ఓర్హాన్ గెంజెబాయ్ గొంతులో రూపు కట్టింది. దుఃఖం, పరాయితనం, తలరాత, నిలబెట్టి మోసం చేసే పట్నం. దాన్ని 'అరబెస్క్' అన్నారు, అంటే అరబ్బు వేషం అని ఎత్తిపొడుపు. ప్రభుత్వ రేడియో, టెలివిజన్ దగ్గరికి రానివ్వలేదు. షేర్ మినీబస్సుల్లో మోగుతుంది కాబట్టి 'దోల్ముష్ సంగీతం' అని కూడా తిట్టారు. మన ఆటోల పాటలని అన్నట్టే. లౌకిక మేధావులకు అది వెనకబాటుతనం, మతపెద్దలకు సారాకొట్టు సంగీతం, పండితులకు కల్తీ. ముగ్గురికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు, ఈ ఒక్క పాటను తిట్టడంలో మాత్రం కుదిరింది. చివరికి 1989లో సాంస్కృతిక మంత్రిత్వ శాఖే పూనుకుని 'నొప్పి లేని అరబెస్క్' అని ఒక పాట చేయించింది. ఏడుపు తీసేసిన ఏడుపు పాట! దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇస్తాంబుల్‌లో సాజ్ వాయించడం నేర్చుకుంటూ ఆ వాద్యకారుల మధ్య తిరిగిన స్టోక్స్ గమనించినది ఏమిటంటే - ఈ గొడవ అసలు అరబ్బుల గురించి కాదు. తన లోపలే ఉన్న తూర్పును, తన ఆగ్నేయ జిల్లాల పేదల్ని, కుర్దుల్ని ఒక రిపబ్లిక్ 'పరాయి' అని పేరు పెట్టి పక్కన నిలబెట్టడం గురించి. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఆగాను. 'అరబ్బు' అన్నచోట ఇంకో మాట పెట్టి చదువుకుంటే చాలు.

ఇండోనేషియా కథలో మనకు నేరుగా చుట్టరికం ఉంది. అక్కడి 'దంగ్‌దుత్' సంగీతం పేరే తబలా లాంటి వాద్యం మీద పడే రెండు దెబ్బల శబ్దం. జకార్తా పెద్దింటివాళ్లు వెక్కిరింపుగా పెట్టిన పేరు. హిందీ సినిమా పాటలు దీనికి మేనమామలు. ఎల్యా ఖాదమ్ అనే గాయని పాడిన 'బొనేకా దారి ఇండియా' (ఇండియా నుంచి వచ్చిన బొమ్మ) హిందీ సినిమా బాణీయే. 1970ల్లో రోమా ఇరామా అనే గాయకుడు ఈ తిట్టును కిరీటంలా పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు పట్టి, తన బృందానికి 'ముస్లిం ధ్వని' అని నినాదం ఇచ్చి, కూలీల భాషలో నీతి పాడాడు. సుహార్తో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ముస్లిం పార్టీకి ప్రచారం చేశాడని 1977 నుంచి 1988 దాకా ప్రభుత్వ టెలివిజన్‌లో అతన్ని కనబడనివ్వలేదు. 1982లో విలియమ్ ఫ్రెడరిక్ అతని మీద రాసిన వ్యాసం, 2010లో ఆండ్రూ వైంట్రాబ్ రాసిన 'దంగ్‌దుత్ స్టోరీస్' ఈ చదువులో మంచి పునాదులు. కథ ఇక్కడితో అయితే మనం చప్పట్లు కొట్టి వెళ్లిపోవచ్చు. కానీ 2003లో ఇనుల్ దారతిస్తా అనే తూర్పు జావా అమ్మాయి తన నడుం తిప్పే నాట్యంతో దేశాన్ని ఊపేస్తే, ఆమె మీద అందరికంటే గట్టిగా విరుచుకుపడ్డవాడు ఈ రోమా ఇరామాయే. నిన్న గడప బయట నిలబెట్టినవాడు ఈరోజు గడపకు కాపలాదారు అయ్యాడు. అస్తిత్వం గురించి రాసేవాళ్లం ఈ సంగతి దాటేసి పోకూడదు. మన ఆడవాళ్ల గొంతు దగ్గర మన ఉద్యమం ఎప్పుడూ తడబడుతూనే ఉంది.

అల్జీరియాలో ఈ తగాదా నెత్తురు దాకా పోయింది. ఒరాన్ రేవు పట్నంలో షేఖా రిమిత్తి లాంటి స్త్రీలు పాడిన మొరటు పాట నుంచి 'రాయ్' పుట్టింది. 1985లో ప్రభుత్వం దానికి పండుగ చేసింది, 1994 సెప్టెంబరు 29న షెబ్ హస్నీని ఆయన ఊళ్లోనే కాల్చి చంపారు. 2022లో యునెస్కో రాయ్‌ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఈ పుస్తకాలను చదివే ముస్లింకు ఒక ప్రశ్న తప్పదు. గానా బజానా హరామా, హలాలా? మా ఇంట్లో మొహర్రం పది రోజులూ రేడియో మోగేది కాదు, పదకొండో రోజు మోగేది. ఎవరూ ఫత్వా అడగలేదు. లోయిస్ ఫారూఖీ 1985లో రాసిన ఒక వ్యాసంలో ఈ చిక్కును బాగా విప్పింది. ముస్లిం సమాజాల్లో ధ్వనికి ఒక మెట్ల వరస ఉంది. అన్నిటికంటే పైన ఖురాన్ పఠనం, దాన్ని 'సంగీతం' అని ఎవరూ అనరు. దిగుతూ వస్తే అజాన్, నాత్, పెళ్లి పాట, యుద్ధ గీతం, కింది మెట్టున మద్యంతోనూ వేశ్యావాటికతోనూ కలిసిన పాట. వాదమంతా ఏ మెట్టు దగ్గర గీత గియ్యాలన్నదే. గజాలీ నుంచి ఈనాటి మౌల్వీ దాకా గీత జరుగుతూనే ఉంది. వర్జీనియా డేనియల్సన్ 1997లో ఉమ్మె కుల్సూమ్ మీద రాసిన పుస్తకంలో, ఆ మహాగాయని మాట ఉచ్చారణా ఊపిరీ చిన్నప్పటి ఖురాన్ పఠనం నుంచి వచ్చాయని చూపించింది. పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య గొంతు ఒకటే.

ఇక మన దేశం. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో 'నా పేరు గౌహర్ జాన్' అని చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో, అక్కడివాళ్లకు ఎవరి రికార్డో తెలియాలి కదా. ఆమె పుట్టుకతో అర్మీనియన్ క్రైస్తవురాలు, ఏంజెలీనా. తల్లితోపాటు ఇస్లాం తీసుకుని గౌహర్ అయింది. ఈ దేశపు రికార్డు చరిత్ర ఒక తవాయిఫ్ తన పేరు తాను చెప్పుకోవడంతో మొదలైంది.

తర్వాత కంపెనీ కేటలాగుల్లో పాటలకు మతం వచ్చింది. 'హిందూ భక్తి', 'ముస్లిం భక్తి' అని వేరువేరు పట్టీలు. సరుకు అమ్మడానికి కొనేవాడు ఎవరో తెలియాలి. అయితే పాడేవాడి సంగతి? బర్ద్వాన్ జిల్లాకు చెందిన మహమ్మద్ కాశిం కాళికాదేవి మీద శ్యామా సంగీతం పాడి బెంగాల్‌ను ఊపేశాడు, రికార్డు మీద పేరు కె. మల్లిక్. 1930ల్లో నజ్రుల్ ఇస్లాం రాసిన ఇస్లామీ పాటలకు గిరాకీ పెరిగాక ఎదురు ప్రయాణం కూడా జరిగింది. హిందూ గాయకులు ముస్లిం పేర్లు పెట్టుకుని ఆ పాటలు పాడారు. సినిమాల్లో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయినది అందరికీ తెలుసు. కానీ రికార్డు పెంకు మీద పేరు రెండు వైపులా మారిందని చెబితే మన సభల్లో ఇప్పటికీ నమ్మరు. పొట్టకోసం మారిన పేరు, మార్కెట్ మార్చిన పేరు, భయంతో మారిన పేరు మూడూ ఒకటి కావు. దూదేకుల ఇళ్లలో రెండు మతాల పేర్లూ ఒకే మనిషికి ఉండడం చూసినవాళ్లకు నాలుగో రకం కూడా తెలుసు. అక్కడ పేరు మారలేదు, మొదటినుంచీ రెండూ ఉన్నాయి.

ఖవ్వాలీ మీద అందరికంటే లోతైన పని చేసినది రెగులా ఖురేషీ. స్విట్జర్లాండులో పుట్టి కెనడాలో స్థిరపడిన ఈ పండితురాలు సారంగీ నేర్చుకుంది, నిజాముద్దీన్ దర్గాలో కూర్చుంది. 1986లో వచ్చిన ఆమె పుస్తకంలో పాటను ఒక్కదాన్నే విడదీసి పరీక్ష చెయ్యలేదు. ఖవ్వాల్ ఏ మిస్రా దగ్గర ఎవరి ముఖం చూశాడు, ఎవరికి హాల్ వచ్చింది, ఎవరు నజరానా ఇచ్చారు, అప్పుడు అదే మిస్రాను ఎన్నిసార్లు తిప్పాడు అని రాసుకుంది. వినేవాడే పాటను నడిపిస్తాడని రుజువు చేసింది. 1999లో 'పాపులర్ మ్యూజిక్' పత్రికలోనే ఆమె ఇంకో ప్రశ్న వేసింది: ఎదురుగా వినేవాడు లేని గ్రామఫోను రికార్డులో ఖవ్వాలీ ఏమవుతుంది? మూడు నిమిషాల పెంకులో హాల్ ఎవరికి వస్తుంది? అయినా లక్షలమంది విన్నారు. దర్గాకు పోలేని పర్దా స్త్రీలు ఇంట్లో విన్నారు.

పెద్దల గడప మన దేశంలోనూ ఉంది. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను అణగదొక్కాడు. జనం సిలోన్ స్టేషను పట్టారు, ఇస్తాంబుల్ జనం కైరో పట్టినట్టే. 1957లో వివిధ భారతి పెట్టక తప్పలేదు. సినిమా పాటతోపాటు కేస్కర్‌కు ఇంకో కోపం కూడా ఉంది. ముస్లిం ఉస్తాదుల చేతుల్లో పడి భారతీయ సంగీతం ఆధ్యాత్మికత పోగొట్టుకుని శృంగారానికి దిగజారిందని ఆయన నమ్మకం. డేవిడ్ లెలివెల్డ్ 1994 నాటి వ్యాసంలో ఈ సంగతులన్నీ రేడియో చరిత్రలోంచి బయటికి తీశాడు. జానకీ బఖ్లే 2005లో భాత్‌ఖండే, పలుస్కర్‌ల మీద రాసిన పుస్తకంలో, సంగీతాన్ని జాతీయం చేసే పనిలో ఉస్తాదులు ఎట్లా పక్కకు జరిగారో చూపింది. శతాబ్దాలుగా ఇంటి విద్యగా కాపాడుకున్నవాళ్లకు 'నిరక్షరాస్యులు' అని పేరు పెట్టి, వాళ్ల దగ్గరే నేర్చుకున్న బందిషులను పుస్తకంలో అచ్చేశారు.

1980ల్లో క్యాసెట్ వచ్చి గడపను పగలగొట్టింది. అంతవరకూ ఒకే కంపెనీ చేతిలో ఉన్న రికార్డు వ్యాపారం వందల చిన్న కంపెనీల పాలైంది. భోజ్‌పురీ, హర్యాన్వీ, దర్గా ఖవ్వాలీ, గజల్, ప్రతి ఊరి గొంతుకూ ధర పలికింది. పీటర్ మాన్యుయెల్ 'క్యాసెట్ కల్చర్' (1993) ఈ విప్లవపు చరిత్ర. ప్రజాస్వామ్యం చవకగా దొరికిన రోజులు. అదే పుస్తకంలో, చివరికి వస్తే, అయోధ్య ఉద్యమంలో చేతులు మారిన క్యాసెట్ల సంగతి ఉంది. ఉమా భారతి, సాధ్వి రితంభరల ప్రసంగాలు. ప్రభుత్వం నిషేధించినా గల్లీల్లో మోగినవి. అడోర్నో భయం నిజమైందని ముందు అన్నది ఇందుకే. ఒకే దుకాణంలో, ఒకే అరలో, అజ్మేర్ ఖవ్వాలీ పక్కన ఆ ఖవ్వాలీ వినేవాణ్ణి తరిమికొట్టమనే టేపు. రెండింటి ధరా ఒకటే. పాపులర్ సంగీతం అనగానే పేదల పక్షం అనుకునేవాళ్లు మన ప్రగతిశీల మిత్రుల్లో ఉన్నారు. వాళ్లు ఈ పుస్తకం చదవాలి.

తెలుగు నేలకు వస్తే, మన విశ్వవిద్యాలయాలు పాటను పట్టించుకోలేదనడం అన్యాయం. బిరుదురాజు రామరాజు 1956లోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద డాక్టరేటు తీసుకున్నారు. అయితే ఆ గ్రంథం పేరు చూడండి, 'తెలుగు జానపద గేయసాహిత్యము'. పాట సాహిత్యంగానే తలుపు తట్టాలి. బాణీ, గొంతు, డప్పు వాకిట్లోనే ఆగిపోవాలి. ఉర్దూ శాఖల్లోనూ ఇదే వరస. గజల్ రాసిన షాయర్‌కు సెమినారు, దాన్ని రాత్రంతా పాడిన ఖవ్వాల్‌కు నజరానా.

షేక్ నాజర్‌నే తీసుకోండి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు. ప్రజానాట్యమండలితో కలిసి బుర్రకథకు కొత్త ఊపిరి పోశాడు. తంబురా భుజాన వేసి, ఇద్దరు వంతలతో, పల్నాటి యుద్ధం చెప్పాడు, బొబ్బిలి చెప్పాడు, బెంగాల్ కరువు చెప్పాడు. కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చిన రోజుల్లో మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. ఒక పాట పద్ధతినే సర్కారు నిషేధించిందంటే దాని బలం తెలుస్తోంది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో వెళ్లిపోయాడు. తన జీవితకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు, జనం తిట్టుగా వాడే మాటను. దంగ్‌దుత్ అనే వెక్కిరింపును నెత్తిన పెట్టుకున్నట్టే. ఇప్పుడు ఆయన్ను ఎవరు చదువుతున్నారు? జానపద శాఖకు ఆయన ఒక కళారూపం. కమ్యూనిస్టు చరిత్రకు ప్రచార సాధనం. ఆయన ఎత్తుకునే శ్రుతి, నాటకాల నుంచి తెచ్చుకున్న రాగాలు, సినిమా బాణీతో ఆయన పడ్డ పోటీ - ఈ వైపు నుంచి చూస్తే ఆయన సంగీతకారుడు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా కూడా నాజర్ తరం ముస్లిమే. నాదస్వరం పట్టి శ్రీరంగంలో స్థిరపడ్డాడు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధిని చేసింది. చినమౌలానా గొప్పతనం తక్కువది కాదు. అయితే ఆయన గుడి వాద్యంతో వచ్చాడు కాబట్టి 'సామరస్యానికి ప్రతీక' అయ్యాడు, నాజర్ నడివీధి కథతో వచ్చాడు కాబట్టి కాలేదు.

2013లో కవి అఫ్సర్ ఇంగ్లీషులో ప్రచురించిన 'ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప ఊరేగింపును చదివింది. మసీదు ఇస్లాం ఒక్కటే ఇస్లాం కాదని పీర్ల చావిడి సాక్ష్యంతో చెప్పింది. పీర్ల పాటలు విశ్వవిద్యాలయపు గడప ఎక్కింది ఆ పుస్తకంతోనే అనాలి. హైదరాబాద్ మర్ఫా ఇంకా వాకిట్లోనే ఉంది. హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా హబ్షీలు నిజాం ఫౌజుల్లో చేరి తెచ్చిన దరువు అది. బార్కస్‌లో, ఏ.సి. గార్డ్స్‌లో బతికింది. ఆ దరువుల్లో ఒకటైన తీన్‌మార్ ఈరోజు గణేశ్ నిమజ్జనంలోనూ బోనాల్లోనూ మోగుతుంది, సినిమాకు పేరవుతుంది, అచ్చమైన తెలంగాణ అనిపించుకుంటుంది. అవును, అచ్చమైన తెలంగాణే. అరేబియా సముద్రం దాటి వచ్చి అచ్చమైనది అయింది. ఆ ఊరేగింపు మసీదు ముందు ఆగి డప్పు పెంచినప్పుడు మోగేది కూడా ఇదే దరువు.

గ్రెగరీ బూత్ 2005లో మన దేశపు పెళ్లి బ్యాండుల మీద 'బ్రాస్ బాజా' రాశాడు. ఆ వృత్తిలో ముస్లింలూ దళితులే ఎక్కువ. ఏడాదిలో ఎన్ని ముహూర్తాలు, ఎన్ని నెలలు ఖాళీ, యూనిఫాం ఎవరిది, బాకా ఎవరిది అని అడిగి రాసిన పుస్తకం. అది చదివాక కృష్ణా తీరంలోని ఒక చిన్న పట్నంలో బ్యాండు మాస్టరును కలిశాను. అరవై దాటిన ముస్లిం, క్లారినెట్ వాయిస్తాడు. ఉర్దూ మాట్లాడతాడు గానీ లిపి రాదు. ఆయన దగ్గర అట్ట ఊడిన నోటుబుక్కు ఉంది. సందల్ ఊరేగింపుకు వాయించే నాత్‌ల మొదటి మిస్రాలు ఉర్దూవి, తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. కింద శ్రీరామనవమి కల్యాణానికి వాయించేవి, గుడ్ ఫ్రైడేకి వాయించేవి, పిల్ల అప్పగింతలకు వాయించేవి. పీర్ల ఊరేగింపుకు పాటలేమీ రాయలేదు, 'దరువే' అని ఒక్క మాట ఉంది. ఏ వీధిలో మసీదు దగ్గర ఆపాలో, ఏ వీధిలో గుడి ముందు ఏ పాట ఎత్తుకోవాలో పెన్సిలుతో గుర్తులు. చివరి పేజీల్లో డ్రమ్ము, ట్రంపెట్టు, లైట్లు మోసే కుర్రాళ్లు - ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడో ఆ లెక్కలు.